పోయినసారి జవాబు

అక్క చెయ్యి కాలి ఇరవై రెండు రోజులైంది. ఆమె తమ్ముడితో మాట మానేసి పందొమ్మిది రోజులైంది. మధ్యలో మిగిలిన ఆ మూడు రోజుల్లోనే తమ్ముడు తన నోటితో చెయ్యగలిగిన చెరుపంతా చేసి కూర్చున్నాడు.

అతన్ని వర్క్‌షాపులో అందరూ మేస్త్రి అంటారు. గౌరవంతో అనుకునేరు, కాదు. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు పక్కన పడేసి రేడియోలు బాగుచేసే కొట్లో చేరిన మనిషి, యాభై రెండేళ్ళ వయసులో ప్రోగ్రాములు రాస్తుంటే, అతన్ని ఇంజనీరు అనడానికి నోరు రాని డిగ్రీల వాళ్ళు వెతికి వెతికి తగిలించిన పేరు అది. మొదట్లో కడుపు రగిలేది. తర్వాత పిలిస్తే పలకడం అలవాటైంది. రగలడం మాత్రం మానలేదు.

ఆ వర్క్‌షాపులో ఆస్పత్రుల లాండ్రీల్లో వాడే పెద్ద వాషింగ్ మిషన్లకు కంట్రోల్ పెట్టెలు తయారవుతాయి. నీళ్ళు ఎక్కించడం, కాచడం, తిప్పడం, వదలడం, నీళ్ళున్నంతసేపూ తలుపు బిగించి ఉంచడం, అన్నీ పెట్టె పనే. పెట్టెలో ఉండే ప్రోగ్రాము తొమ్మిదేళ్ళ కిందట మేస్త్రి రాసింది. రాసిన భాష ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక దొరికినప్పుడు తలా కొంచెం రాసి, ఎవరైనా వాడుకోండి, విప్పి చూసుకోండి అని వదిలేసిన భాష. నువ్వు ఏ కాలేజీలో చదివావని అది అడగలేదు. అందుకే అతనికి నచ్చింది.

అక్క పదిహేడేళ్ళుగా ఒక ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తోంది. అక్కడున్న పన్నెండు మిషన్లకీ తమ్ముడి పెట్టెలే. అవి వచ్చిన కొత్తలో ఆమె తోటివాళ్ళకి మిషన్ తట్టి మరీ చూపించేదట, ఇది మావాడి బుర్ర అని.

ఆ రోజు ఏడో నంబరు మిషన్‌లో దుప్పట్ల మధ్య ఏదో ఇనుప వస్తువు ఉండిపోయి డ్రమ్ముకి టకటకా కొట్టుకుంటోంది. ఆమె ఆపే బటన్ నొక్కింది. తలుపు గడియ టక్కుమంది. గడియ ఊడిందంటే నీళ్ళు పోయాయని అర్థం, పదిహేడేళ్ళుగా అదే అర్థం. పిడి పట్టుకుని లాగింది. ఎనభై డిగ్రీల నీళ్ళు మోచేతి నుంచి వేళ్ళ దాకా కుమ్మరించుకుపోయాయి.

ఆస్పత్రివాళ్ళు విచారణ పెట్టారు. మిషన్ల పక్కన మురుగు జాలీలో నూలు పోగులు కెలకడానికి ఒక ఇనుప చువ్వ ఉంటుంది. తొందరపడి ఆ చువ్వతో గడియ ఎత్తి ఉంటుందని సూపర్‌వైజర్ అనుమానం. వర్క్‌షాపు తరఫున ఎవరైనా వచ్చి చెప్పమన్నారు. ఓనరు మేస్త్రినే పంపాడు.

బల్లకి అటువైపు అక్క, ఒళ్ళో కట్టు కట్టిన చెయ్యి. ఇటువైపు తమ్ముడు. పెట్టె దానంతటది తలుపు తియ్యగలదా అని అడిగారు. బల్ల మీద పదివేల సార్లు పరీక్ష చేశామని, ఒక్కసారి కూడా తియ్యలేదని అతను చెప్పాడు. అది నిజమే. అక్కడితో ఆగినా పోయేది. తన పని మీద ఎవరైనా వేలు పెడితే అతనికి ఒళ్ళు తెలియదు.

"నీళ్ళుండగా ఆ తలుపు తెరుచుకోదండీ. తెరుచుకుందంటే ఎవరో తెరిచారన్నమాట."

ఎవరో అన్నాడు. అక్క తల ఎత్తి ఒక్కసారి చూసింది. అంతే, ఆ తర్వాత ఇక అతని వైపు చూడలేదు.

ఆమెని పనిలోంచి ఆపేశారు. నెల తిరిగేలోపు తీసేస్తూ కాగితం ఇస్తారని, వచ్చే శుక్రవారం ఆఖరి విచారణ అని బావ ఫోన్ చేసి చెప్పాడు. బావ గొంతు పెంచే మనిషి కాదు. పెంచినా బాగుండేది.

"నువ్వు అక్కడ ఎవరో అన్నావటగా. ఆ ఎవరో ఎడం చేత్తో జుట్టు దువ్వుకోవడం నేర్చుకుంటోంది. వీలైతే వచ్చి చూసిపో" అని పెట్టేశాడు.

చూసిరావడానికి మేస్త్రికి మొహం చెల్లలేదు. మొహం చెల్లనివాడు చేసే పనే అతనూ చేశాడు, కోపం తెచ్చుకున్నాడు. అక్క మీద, ఆ చువ్వ మీద, సూపర్‌వైజర్ మీద. అంత కోపంలోనూ లోపల ఎక్కడో ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. మా అక్క చువ్వ పట్టుకునే మనిషేనా?

ఇరవయ్యో రోజున ఆ ముల్లు బయటికొచ్చింది. ఊళ్ళు తిరిగి మిషన్లు చూసొచ్చే సర్వీసు మనిషి టీ తాగుతూ మాటల్లో ఒక సంగతి చెప్పాడు. ఇంకో ఆస్పత్రిలో జాడింపు నీళ్ళుండగానే తలుపు తెరుచుకుందట. చన్నీళ్ళు కాబట్టి నేల తడిసింది, నవ్వుకున్నారు, తుడుచుకున్నారు. రాసుకురాలేదా అని మేస్త్రి అడిగాడు. రాస్తే ఓనరే కొట్టేయమన్నాడని అతను చెప్పి గ్లాసు కింద పెట్టాడు.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట తిన్నగా ఓనరు అల్లుడి మీదికి పోయింది. ఎనిమిది నెలల కిందట పాత ప్రాసెసర్ తయారీ ఆగిపోయినప్పుడు, కొత్త చిప్ ఎంచింది అల్లుడే. అక్క లాండ్రీలో పెట్టెలు కూడా ఆ తర్వాత కొత్త చిప్‌తో మార్చినవే. అందులో రెండు కోర్లు. అంటే ఒకే పెట్టెలో రెండు బుర్రలు, ఒకేసారి రెండు పనులు. తొమ్మిదేళ్ళ ప్రోగ్రాము దాని మీద నడుస్తుందా అని మేస్త్రి అడిగితే, భాష ఆ చిప్‌ని గుర్తుపడుతోంది, కంపైల్ అవుతోంది, ఇంకేం కావాలి అన్నాడు పెళ్ళికొడుకు నవ్వుతో.

గుర్తుపట్టడమంటే ఏదో దారిన పోయేవాణ్ణి గుర్తుపట్టినట్టు. ప్రోగ్రాము నడుస్తుంది గానీ, నడిచేదాన్ని ఆపి లోపలికి చూపించే డీబగ్గర్ ఆ చిప్ దగ్గరికొచ్చేసరికి గుడ్డిదైపోయేది. రెండువందలో లైను దగ్గర ఆగమంటే రెండువందల ముప్పై దగ్గర ఆగేది. ఫలానా విలువ ఎంత అంటే కనిపించడం లేదనేది. ఒక కోర్‌ని ఆపితే రెండోది ఆగేది కాదు. మేస్త్రి డిక్షనరీ పక్కన పెట్టుకుని, వచ్చీరాని ఇంగ్లిషులో, ఆ భాష రాసేవాళ్ళకి వివరంగా ఉత్తరం పెట్టాడు. ఎవడో ఒకడు జవాబిచ్చాడు, ముందు నీ వైర్లు సరిగా బిగించావో లేదో చూసుకో అని. నలభై ఏళ్ళుగా వైర్లు బిగిస్తున్నవాడికి ఆ మాట చెప్పుతో కొట్టినట్టు తగిలింది. ఆ కంప్యూటర్ మూసి మళ్ళీ వారం దాకా తెరవలేదు.

డీబగ్గర్ లేకపోతే అతనికి పాత పద్ధతి ఉంది, దీపం లైను. అనుమానం వచ్చినచోట, రెండు లైన్ల మధ్య, బోర్డు మీదున్న బుల్లి దీపం వెలిగించమని ఒక లైను రాస్తాడు. దీపం వెలిగిందంటే ప్రోగ్రాము అక్కడిదాకా సవ్యంగా వచ్చినట్టు. అలాంటివి నలభై దాకా పెట్టి, బల్ల మీద కూర్చుని, వెలుగులు లెక్కపెట్టుకుంటూ పరీక్ష చేస్తాడు. అమ్మే పెట్టెల్లో ఆ దీపాలుండవు. అందుకని అన్నీ సరిపోయాక ఆ లైన్లు తీసేసి పంపిస్తాడు. కుట్టేశాక గుండుసూదులు తీసెయ్యడంలాంటిదే అని అతని లెక్క.

సర్వీసు మనిషితో మాట్లాడిన మర్నాడే ఆ భాష కొత్త వెర్షన్ వచ్చింది. ఏం మారిందో రాసిన కాగితాన్ని మేస్త్రి వేలు పెట్టి మాటమాటా చదివాడు. కొత్త చిప్‌కి ఇక పూర్తి ఆదరువు ఉంటుందట. డీబగ్గర్ సరైన లైనులోనే ఆగుతుందట, విలువలు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుందట. రెండు కోర్లనీ ఒక్క క్షణంలో కలిపి ఆపుతుందట. ఏదైనా ఒక విలువ మారగానే పట్టుకుని నిలబెడుతుందట. అడుగున, ఈ సవరణలకి కారణమైన ఫిర్యాదుల నంబర్లు వరసగా ఇచ్చారు. నాలుగోది అతనిది. పేరు లేదు, థాంక్స్ లేదు, వైర్ల మాట వెనక్కి తీసుకోవడమూ లేదు. ఉత్త నంబరు.

ఇంకొకడైతే పొంగిపోయేవాడేమో. మేస్త్రి పళ్ళు నూరాడు. ఎనిమిది నెలలు. ఈ వెర్షన్ ఒక్క నెల ముందు వచ్చి ఏడ్చినా అక్క చెయ్యి అక్కకి ఉండేది.

మర్నాడు పొద్దున్నే ఒక డ్రమ్ములో అరవై రెండు లీటర్ల నీళ్ళు పోసి, కొలిచే గొట్టం అందులో ముంచి, ఆపే బటన్‌ని అదే పనిగా నొక్కడానికి ఒక రిలే కట్టాడు. మొదట అలవాటు ప్రకారం దీపం లైన్లతోనే నడిపాడు. వెయ్యి నొక్కులు, గడియ కదలలేదు. ఇంకో వెయ్యి, కదలలేదు. చూశావా అని గోడతో అన్నాడు. అంతలో తట్టింది, చూసే కళ్ళు వచ్చాక ఇంకా ఈ గుండుసూదులెందుకని. దీపం లైన్లన్నీ పీకేసి, గడియ తెరిచే విలువ మీద డీబగ్గర్‌ని కాపలా పెట్టి మళ్ళీ నడిపాడు.

నాలుగువందల పదిహేడో నొక్కుకి గడియ టక్కుమంది. డ్రమ్ములో నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

రెండు కోర్లూ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. మేస్త్రి తెర దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

ప్రోగ్రాములో తలుపు చూసే భాగం ఒకటి, నీళ్ళు కొలిచే భాగం ఒకటి. బటన్ నొక్కగానే తలుపు భాగం నీళ్ళెన్ని అని అడుగుతుంది. నీళ్ళ భాగం 212వ లైనులో లెక్క రాసి, 213వ లైనులో రాశాను చూసుకో అని జెండా ఎత్తుతుంది. ఇప్పుడు తెర మీద 213 అయిపోయింది. 212 ఇంకా జరగలేదు. జెండా లేచి ఉంది, లెక్క ఉండాల్సిన చోట సున్నా ఉంది. ఆ సున్నా ఎప్పటిది? బట్టలు వెయ్యడానికి తలుపు తీసినప్పుడు, డ్రమ్ము ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే వచ్చినది. తలుపు అడిగింది ఇప్పటి సంగతి. దానికి దొరికింది పోయినసారి జవాబు.

ఆ రెండు లైన్లకీ సంబంధం ఉందని ఎక్కడా గుర్తు లేదు కాబట్టి, రాసినదాన్ని కొత్త చిప్ భాషలోకి మార్చే కంపైలర్ తన వీలు కోసం 213ని ముందుకి జరిపింది. పాత చిప్‌లో ఉన్నది ఒకే కోర్, దొంగచూపు చూసే రెండోవాడు లేడు కాబట్టి తొమ్మిదేళ్ళు చెల్లింది. మేస్త్రి 212కీ 213కీ మధ్య తన దీపం లైను మళ్ళీ పెట్టి చూశాడు. దీపాన్ని దాటి ఏ లైనూ జరగడానికి వీల్లేదు. వరస బుద్ధిగా సర్దుకుంది.

అంటే పదివేల సార్లు పరీక్ష చేసింది తను అమ్మే ప్రోగ్రామును కాదు. చూడ్డానికి పెట్టిన దీపమే తప్పుని సరిదిద్దుతూ వచ్చింది. చూడ్డం అయిపోయాక దాన్ని తీసేసి, కాల్చే పెట్టెని మూతబిగించి, అక్క పనిచేసే చోటికి పంపించాడు.

ఆ లైన్లు ఎవరు రాశారో పాత నకళ్ళలో వెతికాడు. అల్లుడి పేరు ఉంటే ఎంత బాగుండునో అని వెతికాడు. తొమ్మిదేళ్ళ కిందటి తేదీ, తన పేరు. తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఓనరు గదిలో తెర తిప్పి మామాఅల్లుళ్ళిద్దరికీ చూపించాడు. అల్లుడు అరనిమిషంలో అర్థం చేసుకున్నాడు, అది ఒప్పుకోవాలి. రెండు కోర్లు పంచుకునే విలువకి ప్రత్యేకంగా గుర్తు పెట్టాలని మాన్యువల్‌లోనే ఉందని, ఎన్నో పేజీయో కూడా చెప్పాడు.

"ఆ పేజీ నువ్వు చదివావా?" అన్నాడు మేస్త్రి.

"చదివాను."

"చిప్ మార్చినప్పుడు నా ప్రోగ్రాము చూసి సంతకం పెట్టింది నువ్వేగా?"

"చూశాను. ఏళ్ళ తరబడి నడుస్తోంది కదా అని..." అల్లుడు ఆగాడు. "అయినా మీరు రాసింది మీరు చదువుకోవాలి కదా మేస్త్రిగారూ."

ఆ ముక్క తప్పు కాదు. అందుకే ఇంకా మండింది. ఇంగ్లిషులో నాలుగువందల పేజీలున్న ఆ పుస్తకాన్ని మేస్త్రి ఎప్పుడూ మొదటినుంచి చదవలేదు. ఎవరో రాసిన ఉదాహరణలు చూసి, చెరిపి, రాసి, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాడు. కాలింది తన చెయ్యి కాదని ఇప్పుడు తెలిసింది.

ఓనరు నిదానంగా మాట్లాడాడు. సవరణ చెయ్యమన్నాడు. మామూలు సర్వీసు పేరు మీద అన్ని ఆస్పత్రులకీ వెళ్ళి గప్‌చుప్‌గా ఎక్కించేద్దాం అన్నాడు. కానీ శుక్రవారం దాటాక. ఈలోపు ముట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. మీ అక్కగారి సంగతి తర్వాత నేను చూసుకుంటాలే, మన మనిషేగా అన్నాడు.

మేస్త్రి లేచాడు. "మన మనిషైతే ముందు మనం నోరు విప్పాలి సార్. ఇప్పుడు నడుస్తున్న ప్రతి మిషన్ దగ్గరా ఒక మనిషి నిలబడి ఉంది. శుక్రవారం దాకా ఆగమని వాళ్ళకి ఎవరు చెప్తారు?"

వెళ్తే మళ్ళీ రానక్కర్లేదని ఓనరు చెప్పాడు. మేస్త్రి తన సొంత లాప్‌టాప్, సొంత స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు. బల్ల సొరుగు మూసేటప్పుడు చప్పుడు కొంచెం గట్టిగానే అయింది. చిన్నప్పుడు బడి మానేసిన రోజు కూడా ఇలాగే ఎవరి మీద కోపమో తెలియకుండా నడిచి వెళ్ళాడు. ఈసారి తెలుసు. ఆ తెలియడం ఏమంత సుఖంగా లేదు.

ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజర్ అతని మాటలు నిలబడే విన్నాడు. బావకి ముందే ఫోన్ చేసి అక్కని తీసుకురమ్మని బతిమాలాడు మేస్త్రి. ఆమె వచ్చి గుమ్మం దగ్గరే బల్ల మీద కూర్చుంది. విచారణలో కూర్చున్న ఆఫీసరమ్మ కూడా వచ్చింది. మేస్త్రి లాప్‌టాప్ తెరిచి 212, 213 అని మొదలుపెట్టాడు. ఆఫీసరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అవన్నీ మాకు తెలియవండీ. తలుపు తెరుచుకుంటుందంటున్నారు. తెరిపించండి."

ఏడో నంబరు మిషన్‌కి ఆ రోజునుంచీ సీలు వేసి ఉంది, లోపల పాత ప్రోగ్రామే. సీలు తీసి, చన్నీళ్ళు ఎక్కించి, మేస్త్రి ఆపే బటన్ నొక్కాడు. గడియ కదలలేదు. మళ్ళీ తిప్పి మళ్ళీ నొక్కాడు. వర్క్‌షాపు బల్ల మీద నాలుగువందల పదిహేడు పట్టింది. ఇక్కడ చేత్తో నొక్కడం, ప్రతిసారీ డ్రమ్ము తిరిగేదాకా ఆగడం. నలభై అయింది. డెబ్బై అయింది. పక్క మిషన్ల దగ్గర ఆడవాళ్ళు దుప్పట్లు మడతపెట్టడం ఆపి చూస్తున్నారు. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు. తొంభై దాటాక, మీరే కదండీ ఆ రోజు తెరుచుకోదన్నారు, మాట మీద నిలబడ్డారు అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఈ దరిద్రపు పెట్టె, కాల్చమన్నప్పుడు కాల్చదు.

బల్ల మీద కూర్చున్న అక్క లేచి వచ్చింది. పందొమ్మిది రోజుల తర్వాత నోరు తెరిచింది.

"జరుగు. అలా కాదు నొక్కేది."

"ఎలాగైతేనేం అక్కా, బటన్..."

"ఒకసారి నొక్కితే ఇది వినదు. మేం ఎప్పుడూ రెండుసార్లు నొక్కుతాం, టకటకమని. ఇక్కడ ఎవరినైనా అడుగు. నన్నడిగితే ఆ రోజే చెప్పేదాన్ని." ఎడం చెయ్యి చాచింది. "నువ్వు నన్నడగలేదు. పెట్టెనడిగావు."

రెండుసార్లు. మేస్త్రి బటన్ వదిలి పక్కకి జరిగాడు. మొదటి నొక్కుతో తలుపు భాగం లేచి జెండా ఎప్పుడు లేస్తుందా అని కాచుకుని కూర్చుంటుంది. ఆ కూర్చున్నప్పుడే రెండో ప్రశ్న పడితే, జెండా లేచిన ఆ వెంట్రుకవాసి క్షణం దాని కళ్ళెదుటే జరుగుతుంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అతను బల్ల మీద రెండుసార్లు నొక్కి చూడలేదు. మనుషులు అలా నొక్కుతారని అతనికి తెలియదు.

అక్క ఎడం చేతి బొటనవేలితో టకటకమని నొక్కింది. ఏమీ లేదు. డ్రమ్ము తిరిగాక మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. మూడోసారి నొక్కింది.

గడియ టక్కుమంది. అక్క పిడి ముట్టుకోలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది, అంతే. నీళ్ళ బరువుకి తలుపు దానంతటదే తెరుచుకుని, అరవై లీటర్లూ ఒక్కసారిగా సూపర్‌వైజర్ బూట్ల మీదుగా, ఆఫీసరమ్మ చీర కుచ్చెళ్ళ మీదుగా గది చివరిదాకా పారాయి. ఇనుప చువ్వ గోడకి ఆనించినది ఆనించినట్టే ఉంది.

 ఆఫీసరమ్మ కుచ్చెళ్ళు పిండుకుంటూ, ఇది ఎవరి తప్పని రాసుకోమంటారు అని అడిగింది.

అల్లుడి సంతకం సంగతి మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఓనరు కొట్టేయించిన సర్వీసు కాగితం సంగతి కూడా వచ్చింది. రెండూ చెప్పాడు, దాచలేదు. కానీ ముందు చెప్పింది అవి కాదు.

"లైన్లు రెండూ నావేనండీ. ఆ రోజు ఎవరో తెరిచారన్నాను. ఆ ఎవరో నేనే. అలాగే రాసుకోండి."

తీసేసే కాగితం ఇక ఉండదని, పని కొనసాగుతుందని ఆఫీసరమ్మ అక్కతో చెప్పింది. అక్క సరేనండీ అంది. తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు, ఏమైనా కరుగుతుందేమోనని. కరగలేదు.

"నాకు పని ఉంటే సరిపోతుందా? ఈ పదకొండూ తిరుగుతూనే ఉన్నాయి. ఆపించు" అంది.

మిషన్లన్నీ ఆపించాడు. లాప్‌టాప్ తగిలించి, ఆ రెండు లైన్లకీ జంట గుర్తు పెట్టిన కొత్త ప్రోగ్రాము ఒక్కొక్కదానికీ ఎక్కించుకుంటూ వెళ్ళాడు. ఎక్కించిన ప్రతి మిషన్ దగ్గరా అక్క చన్నీళ్ళు పోయించి, ఎడం చేత్తో టకటకమని నొక్కింది. ఒక్కో మిషన్‌కి యాభై సార్లు. అతను నమ్మకంగా చెప్పబోయిన ప్రతిసారీ చూపుతోనే నోరు మూయించింది. పన్నెండోదాని దగ్గరికి వచ్చేసరికి రాత్రి షిఫ్టు మనుషులు వచ్చి గోడవార నిలబడి ఉన్నారు.

ఆఖరి గడియ కూడా కదలలేదని చూశాక మేస్త్రి లాప్‌టాప్ మూయబోయి ఆగాడు. రేపటినుంచి ఎక్కడికి పోవాలో తెలియదు. మిగతా ఆస్పత్రుల పేర్లు మాత్రం తెలుసు. వాళ్ళందరికీ ఈ రాత్రికే ఫోన్లు వెళ్ళాలి.

"అక్కా" అన్నాడు. "రెండుసార్లు నొక్కడం కాక ఇంకా ఏమేం చేస్తారు మీరు వీటితో?"

 అక్క కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో మోస్తూ బల్ల మీద కూర్చుంది.

"చాలా చేస్తాం. తొమ్మిదేళ్ళకి అడిగావు" అంది. "కాగితం తీసి రాసుకో. మళ్ళీ చెప్పను."